అమ్మ వేళ్ళు పగిలి మంట, నెలలు గడిచినా తగ్గట్లేదు.. చర్మం బారియర్ పోయిందంటున్నారు, అసలు ఏంటిది?

తెనాలి_స్రవంతి:
అందరికీ నమస్తే అండి. మా అమ్మ గురించి అడుగుతున్నా. మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది, తెల్లారుజామున లేచింది మొదలు పిండి కలపడం, చట్నీకి అల్లం వెల్లుల్లి ఒలిచి పెట్టుకోవడం, మధ్యమధ్యలో గిన్నెలు తోమడం, చెయ్యి తడి ఆరే టైమే ఉండదు ఆవిడకి. చలికాలం నుంచి వేళ్ళు పగలడం మొదలైంది. రెండు చేతులూ గరుకుగా ఉన్నాయి కానీ ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు మాత్రం చీలి రక్తం కూడా వస్తోంది. కారం తగిలితే కళ్ళమ్మట నీళ్ళే. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, రాసినన్నాళ్ళు బ్రహ్మాండంగా తగ్గింది, ఆపగానే ముందుకంటే ఎక్కువైంది, మళ్ళీ అదే ఇచ్చారు. ఒక డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే బారియర్ దెబ్బతింది మాయిశ్చరైజర్ వాడండి అని ఒక్క మాట చెప్పి పంపించేశారు, బయట చాలామంది ఉన్నారు మరి. బారియర్ అంటే ఏంటి, అది మళ్ళీ వస్తుందా, టిఫిన్ సెంటర్ మూయకుండా ఏం చెయ్యొచ్చు? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

సీమ_చిన్నోడు:
అక్కా రాత్రి పడుకునేటప్పుడు వాజిలిన్ మందంగా పూసి పాత కాటన్ సాక్సులు చేతులకి తొడుక్కోమని చెప్పు. మా నాయనకి పాదాలకి అట్లే చేస్తాం. మీ నీళ్ళు బోరు నీళ్ళా? మా అనంతపురం పక్క బోరు నీళ్ళకి సబ్బు నురగే రాదు, స్నానం చేసినాక ఒళ్ళంతా బిగుసుకుపోయి తెల్లగా గీతలు పడతాది.

కెమిస్ట్రీ_మాస్టారు:
అమ్మా స్రవంతీ, నేను డాక్టర్ని కాదు, డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, కాబట్టి మందుల జోలికి పోను, ఆ బారియర్ అనే పొర ఎలా పనిచేస్తుందో చెప్తాను. మనం చూసే చర్మంలో అన్నిటికంటే పైన ఉండేది చనిపోయిన కణాల పొర. ఒళ్ళంతా చూస్తే దీని మందం మామూలుగా 10 నుంచి 20 మైక్రాన్లే, అంటే తలవెంట్రుక మందం కంటే కూడా తక్కువ, అరచేతుల్లో అరికాళ్ళలో మాత్రం చాలా మందం. అమెరికాలో పీటర్ ఎలియాస్ అని ఒక చర్మవైద్యుడు దీన్ని ఇటుక గోడతో పోల్చారు, ఆ పోలికే ఇప్పటికీ పాఠాల్లో చెప్తారు. ఎండిపోయిన కణాలు ఇటుకలు, వాటి మధ్య సందుల్లో ఉండే కొవ్వు పదార్థం సిమెంటు. ఆ కొవ్వులో దాదాపు సగం సిరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, ఇంకా స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు. ఈ మూడూ సరైన పాళ్ళలో పొరలు పొరలుగా పేర్చుకుని ఉంటేనే లోపలి నీరు బయటికి పోకుండా, బయటి సబ్బూ కారం సూక్ష్మజీవులూ లోపలికి రాకుండా ఉంటాయి. ఎంత బాగున్న చర్మం నుంచైనా చెమట కాకుండానే రోజుకి 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, పొర దెబ్బతిన్న చోట అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే బిగుతు, గరుకు, చీలికలు.

ఇప్పుడు సబ్బు సంగతి. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైభాగం కొంచెం ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్యలో (పీహెచ్ 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). మామూలు స్నానం సబ్బు 9 నుంచి 10. గిన్నెలు తోమే బార్ కూడా క్షారమే. ఒక్కసారి సబ్బుతో కడిగితే చర్మం పీహెచ్ పైకి పోయి తిరిగి కిందకి రావడానికి గంటలు పడుతుంది. ఈలోపు రెండు పనులు చెడతాయి, సిరమైడ్లని తయారుచేసే ఎంజైములకి ఆమ్లం కావాలి కాబట్టి అవి నెమ్మదిస్తాయి, కణాలని ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ముడులని కత్తిరించే ఎంజైములు మాత్రం క్షారంలో విజృంభిస్తాయి. అంటే కట్టడం ఆగి కూల్చడం పెరుగుతుంది అన్నమాట. మీ అమ్మగారు తిరిగి మామూలు అయ్యేలోపే మళ్ళీ సబ్బునీళ్ళలో చెయ్యి పెడుతున్నారు, అదీ పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా. పాపం ఆ చర్మానికి కోలుకునే సందే దొరకట్లేదు.

అన్నట్టు చిన్నోడు చెప్పిన బోరు నీళ్ళ మాట నిజమే. ఆ నీళ్ళలోని కాల్షియం మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టు కడుతుంది, అది చర్మం మీదే ఉండిపోతుంది. అలాగని వేలకి వేలు పోసి వాటర్ సాఫ్ట్‌నర్ కొనమని చెప్పను, ఇంగ్లండులో ఎగ్జిమా (చర్మం పొడిబారి ఎర్రగా దురద పెట్టే జబ్బు) ఉన్న 336 మంది పిల్లల ఇళ్ళ మీద పరీక్ష చేసి 2011లో ప్రచురించారు, సాఫ్ట్‌నర్ పెట్టినందువల్ల ఎగ్జిమా ఏమీ అదనంగా తగ్గలేదు. సబ్బు మార్చడం చవక, సబ్బు కాని క్లెన్సర్ బార్లు ఉంటాయి, వాటికి ఆ తెట్టు కట్టదు. సబ్బు అట్ట మీద టీఎఫ్ఎం 76 శాతం, గ్రేడ్ 1 అని చూసి చర్మానికి మంచిది అనుకుంటారు చాలామంది, అది అందులో ఎంత కొవ్వు పదార్థం ఉందో చెప్తుంది అంతే, గ్రేడ్ 1 సబ్బు కూడా క్షారమే.

తెనాలి_స్రవంతి:
మాస్టారూ చాలా థ్యాంక్స్ అండి, మొదటిసారి అర్థమైంది. అమ్మకి చదివి వినిపించాను, సందే దొరకట్లేదు అన్నదగ్గర అవును అవును అంది.

చర్మం_డాక్టరమ్మ:
నేను చర్మవైద్యంలో ఉన్నాను. చూడకుండా రోగనిర్ధారణ చెయ్యను కానీ స్రవంతి రాసినదాంట్లో ఒక విషయం దగ్గర ఆగిపోయాను. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. అమ్మగారు కుడిచేతి వాటమేనా? ఎడమ చేత్తో వెల్లుల్లి రెబ్బ పట్టుకుని కుడి చేత్తో చాకు పట్టి ఒలుస్తారా? అయితే ఆ మూడు వేళ్ళ కొసలే పగలడం వెల్లుల్లి వల్ల వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్‌కి, అంటే ఏదైనా పదార్థం తగిలి చర్మం వాచి పగలడానికి, మా పుస్తకాల్లో రాసిన గుర్తు. వంటవాళ్ళలో మేము తరచూ చూస్తాం. వెల్లుల్లిలో డైఅల్లైల్ డైసల్ఫైడ్ అనే పదార్థం ఉంటుంది, కొంతమందికి దాని మీద ఎలర్జీ పుడుతుంది, ఒకసారి పుడితే ఇక పోదు. ఇంకో చిక్కేమిటంటే అది మామూలు రబ్బరు గ్లౌజుల్లోంచి కూడా లోపలికి దిగుతుంది. అందుకని గ్లౌజు వేసుకుని ఒలవడం పరిష్కారం కాదు, ఒలిచే పని వేరేవాళ్ళకి ఇవ్వాలి లేదా ఒలిచిన వెల్లుల్లి గరిటెతో మాత్రమే వాడాలి.

మిగతా రెండు చేతుల గరుకుతనం తడి పని వల్ల. రోజుకి 2 గంటలకి మించి చేతులు తడిలో ఉన్నా, 20 సార్లకి మించి కడిగినా దాన్ని తడి పని అనే లెక్క వేస్తాం, జర్మనీలో కార్మికుల భద్రతా నిబంధనల నుంచి వచ్చిన లెక్క ఇది. మన దగ్గర హోటల్ వంటవాళ్ళు, ఇళ్ళల్లో పని చేసేవాళ్ళు, రొయ్యల షెడ్లలో అమ్మాయిలు, బ్యూటీ పార్లర్ వాళ్ళు, నర్సులు అందరూ ఇందులోకే వస్తారు. అరచేతుల్లో నూనె గ్రంథులు ఉండవు, చెమట గ్రంథులే, అందుకని అక్కడ పోయిన కొవ్వు మళ్ళీ నిండటం కష్టం, బయటి నుంచి మనం రాయాల్సిందే.

ఆ ట్యూబు పేరు ఇక్కడ పెట్టకండి కానీ వెనకాల చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటాసోన్ ఇలాంటివి ఏమన్నా ఉన్నాయేమో చూసి చెప్పండి.

తెనాలి_స్రవంతి:
డాక్టర్ గారూ కుడిచేతి వాటమే అండి, మీరు చెప్పినట్టే పట్టుకుంటుంది, ఇప్పుడే చూశాను. ట్యూబు మీద క్లోబెటసాల్ అని ఉంది, దాంతోపాటు ఇంకో రెండు పేర్లు, మైకోనజోల్ ఒకటి, నియోమైసిన్ ఒకటి.

చర్మం_డాక్టరమ్మ:
అనుకున్నాను. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన మిక్చర్ అది. క్లోబెటసాల్ చాలా గట్టి స్టెరాయిడ్. అపార్థం చేసుకోకండి, చేతుల ఎగ్జిమాకి మేమే స్టెరాయిడ్ రాస్తాం, అరచెయ్యి మందం కాబట్టి కొన్ని వారాలు గట్టిదే కావాలి, ఆ తర్వాత తగ్గిస్తూ వస్తాం. గొడవ ఎక్కడంటే ఎవరూ చూడకుండా నెలల తరబడి వాడటం. స్టెరాయిడ్ వాపుని అణుస్తుంది కానీ అదే సమయంలో చర్మం కొవ్వు తయారుచేసుకోవడాన్ని కూడా తగ్గిస్తుంది, అందుకే ఆపగానే తిరగబెట్టడం. నియోమైసిన్‌కి కూడా చాలామందికి ఎలర్జీ ఉంటుంది. 2018లో కేంద్రం చర్మం మీద రాసే స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా అమ్ముతున్నారు. దయచేసి స్కిన్ డాక్టర్‌కి చూపించి, దేనికి ఎలర్జీయో తేల్చే ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి, వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి 2 రోజులకి తీసి చూస్తారు, తర్వాత ఇంకో రెండు మూడు రోజులకి మళ్ళీ ఒకసారి చూస్తారు. గవర్నమెంట్ మెడికల్ కాలేజీ హాస్పిటల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది, అక్కడికైనా వెళ్ళండి.

పలాస_కుర్రాడు:
వెల్లుల్లి అంటే గుర్తొచ్చింది, మా పలాస వైపు జీడిపప్పు ఫ్యాక్టరీల్లో ఆడోళ్ళ చేతులు చూడాలండి. పిక్క కొట్టేటప్పుడు తొక్కలోంచి నూనె కారుతుంది, అది తగిలితే చర్మం నల్లగా కాలినట్టు అయిపోయి ఊడొచ్చేస్తాది. చాలామంది చేతులకి ముందు నూనె పూసుకుని కూర్చుంటారు. మా పిన్ని సగం జీవితం ఆ పనిలోనే, ఆవిడకి వేలిముద్రలు సరిగ్గా పడవు, రేషన్ దగ్గర మిషన్ ఒప్పుకోదు, ప్రతిసారీ తిప్పలే. డాక్టర్ గారూ ఇదీ ఈ పొర పోవడమేనా?

చర్మం_డాక్టరమ్మ:
పొర పోవడం కాదు బాబూ అది, రసాయనానికి కాలడం, కొందరికి దాంతోపాటు ఎలర్జీ కూడా. జీడి తొక్క నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. మామిడీ జీడీ ఒకే కుటుంబం, మామిడికాయ సొన మూతికి తగిలి పుండు పడుతుంది చూడండి, ఆ సొనలో ఉండేవీ ఇలాంటి పదార్థాలే. నూనె పూసుకోవడం వల్ల కొంత ఆసరా ఉంటుంది, గ్లౌజులు ఇంకా మేలు, అవి ఇవ్వాల్సింది ఫ్యాక్టరీ వాళ్ళు. పిన్నిగారికి రేషన్ దగ్గర ఐరిస్‌తో చెయ్యమని అడగండి, ఆ మిషన్ ఉంటే కంటితో పని అయిపోతుంది.

ఇందూరు_పిల్ల:
డాక్టర్ మేడం నాదొక డౌటు. నా బిడ్డకు ఐదు నెలలు. మా అత్తమ్మ రోజు నూనె పెట్టి మీదికెల్లి శనగపిండి పెసరపిండి కలిపి మస్తు గట్టిగ రుద్దుతది, ఒంటి మీద నూగు పోతది రంగు వస్తది అంటది. బుగ్గలు ఎర్రగైనయ్, చేతుల మడతలల్ల పొలుసులు లేస్తున్నయ్, రాత్రి నిద్రపోతలేదు గీక్కుంటనే ఉంటది. అత్తమ్మని ఏమన్న అంటే బాధపడ్తది, మా ఆయనని పెంచింది గట్లనే కదా అంటది. ఏం చెప్పాల్నో తెలుస్తలేదు.

నర్సక్క_రాజమండ్రి:
తల్లీ ముందు ఒకటి చెప్పు, ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిపూట దురద ఉందా? వేళ్ళ సందుల్లో, నడుం దగ్గర, పాపకి అరిచేతుల్లో అరికాళ్ళలో చిన్న పొక్కులు ఉన్నాయా? ఉంటే అది గజ్జి కావచ్చు, అప్పుడు ఎన్ని క్రీములు రాసినా లాభం లేదు, ఇంట్లో అందరూ ఒకేరోజు మందు రాసుకోవాలి. నేను పిల్లల వార్డులో పని చేశాను, పొడి చర్మం అనుకుని నెలలు గడిపేసి చివరికి గజ్జి అని తేలినవి చాలా చూశాను, అందుకే అడుగుతున్నా.

ఇందూరు_పిల్ల:
లేదు అక్కా ఇంట్లో ఎవ్వరికి లేదు. పాపకే. మా ఆయనకు చిన్నప్పుడు ఆయాసం ఉండెనట, ఇప్పుడు గూడ దుమ్ముకు తుమ్ములొస్తయ్.

చర్మం_డాక్టరమ్మ:
నర్సక్క అడిగింది చాలా మంచి ప్రశ్న. గజ్జి కాకపోతే, నాన్నకి ఆయాసం, పాపకి బుగ్గలూ మడతలూ అంటున్నారంటే అటోపిక్ ఎగ్జిమా, అంటే ఆయాసం, ఎలర్జీలు ఉన్న కుటుంబాల్లో తరచూ కనిపించే ఎగ్జిమా, అయ్యే అవకాశం ఎక్కువ. ఇందులో కొంత పుట్టుకతో వచ్చేది ఉంది. ఫిలాగ్రిన్ అని ఒక ప్రోటీన్, అది కణాలని గట్టిపరిచి తర్వాత ముక్కలై చర్మంలో నీటిని పట్టి ఉంచే పదార్థంగా మారుతుంది. దాని జీన్‌లో లోపం ఉన్నవాళ్ళకి ఎగ్జిమా ఎక్కువ వస్తుందని 2006లో స్కాట్లండ్ డండీలో ఇర్విన్ మెక్లీన్ బృందం కనిపెట్టింది. అంతకుముందు రోగనిరోధక వ్యవస్థే మొదటి దోషి అనుకునేవాళ్ళం, ఆ తర్వాత పొర వైపు చూడటం మొదలైంది. అంటే మీరూ మీ అత్తగారూ ఎవరూ ఏదో చేసినందువల్ల ఇది రాలేదు, పాప చర్మమే పుట్టుకతో అలాంటిది, దాన్ని మనం తక్కువ రాపిడితో చూసుకోవాలి.

అత్తగారికి నూనె మానమని చెప్పకండి, రుద్దడం మానమనండి. పసిపిల్లల పై పొర మనకంటే పలచన, పుట్టినప్పుడు పీహెచ్ కూడా దాదాపు 7 దగ్గర ఉండి వారాల మీద ఆమ్లంగా మారుతుంది. నూగు దానంతట అదే రాలిపోతుంది, రంగు రుద్దితే మారదు. ఇంకో సంగతి, పిండి గురించి. పగిలిన చర్మం మీద తిండి పదార్థాల ప్రోటీన్లు రోజూ రుద్దితే వాటి మీదే ఎలర్జీ పుట్టొచ్చు అని లండన్‌లో గిడియన్ లాక్ అనే పిల్లల ఎలర్జీ డాక్టర్ చాలా ఏళ్ళుగా చెప్తున్నారు. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి 2 వేల మందికి పైగా గోధుమ ఎలర్జీ వచ్చింది, రొట్టె తింటే ప్రాణం మీదికి వచ్చేంత. కాబట్టి పాపకి ఎరుపు ఉన్నన్నాళ్ళు పిండి వద్దు. గోరువెచ్చని నీళ్ళు, ఐదు పది నిమిషాల స్నానం, మెత్తని బట్టతో అద్ది ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. ఆ మాయిశ్చరైజర్ రాసే పని అత్తగారికే అప్పజెప్పండి, ఆవిడ చేతికి అలవాటైన పనే కదా. పిల్లల డాక్టర్‌కి కూడా ఒకసారి చూపించండి, ఎర్రగా మండుతున్నప్పుడు కొద్దిరోజులు తేలిక స్టెరాయిడ్ కావాల్సి రావచ్చు, డాక్టర్ రాస్తే భయపడకండి.

ఇందూరు_పిల్ల:
ఏ నూనె మంచిది మేడం? మా దగ్గర నువ్వుల నూనె వాడ్తరు. ఆలివ్ ఆయిల్ గొప్పదంట కదా, మా ఆడబిడ్డ దుబాయ్ నుంచి తెచ్చి ఇచ్చింది.

కెమిస్ట్రీ_మాస్టారు:
ఇది నా పేటలోకి వచ్చింది కాబట్టి నేను చెప్తాను, తప్పైతే డాక్టరమ్మ సరిదిద్దుతారు. నూనెలో ఒలీయిక్ ఆమ్లం ఎక్కువుంటే అది ఆ సందుల్లోని కొవ్వు పేర్పుని చెదరగొడుతుంది, మందులు చర్మంలోంచి లోపలికి దిగడానికి ఫార్మసీ వాళ్ళు ఒలీయిక్ ఆమ్లాన్ని కావాలనే కలుపుతారు. ఆలివ్ నూనెలో అదే ఎక్కువ భాగం. లినోలీయిక్ ఆమ్లం మాత్రం సిరమైడ్ల తయారీకి కావాల్సిన సరుకు, పొద్దుతిరుగుడు నూనెలో అది ఎక్కువ. షెఫీల్డ్ యూనివర్సిటీలో పెద్దవాళ్ళ చేతుల మీద ఈ రెండూ రాయించి చూశారు, 2013లో ప్రచురించారు, ఆలివ్ నూనె పొరని బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు అలా చెయ్యలేదు. నువ్వుల నూనెలో రెండూ ఇంచుమించు సమానం. కొబ్బరి నూనె లెక్క వేరు, ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లల మీద వర్జిన్ కొబ్బరి నూనెని మినరల్ ఆయిల్‌తో పోల్చి చూస్తే కొబ్బరి నూనే మెరుగ్గా పనిచేసింది.

చర్మం_డాక్టరమ్మ:
సరిగ్గా చెప్పారు మాస్టారూ. ఆలివ్ నూనె వంటకి వాడుకోండి. అయితే ఎగ్జిమా ఉన్న పాపకి నూనె ఒక్కటే చాలదు, నీటిని పట్టి ఉంచే గ్లిజరిన్ లాంటిదీ, ఆవిరి ఆపే పారఫిన్ లాంటిదీ రెండూ ఉన్న క్రీము కావాలి. ఖరీదైన డబ్బా అక్కర్లేదు. బ్రిటన్‌లో 550 మంది ఎగ్జిమా పిల్లలకి లోషన్, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగూ పంచి చూసి 2022లో ఫలితం చెప్పారు, నాలుగూ ఒకేలా పనిచేశాయి. పాపకీ మీకూ ఏది హాయిగా ఉంటే అది ఎక్కువ రాయండి. ఎక్కువ అని ఎందుకంటున్నానంటే మా దగ్గరికి వచ్చేవాళ్ళు బఠాణీ గింజంత రాసి పనిచెయ్యలేదంటారు. ఒళ్ళంతా పొడిబారిన పెద్దవాళ్ళకి వారానికి 500 గ్రాముల దాకా పడుతుంది.

మిన్నెసోటా_మూర్తి:
ఇక్కడ చలికాలంలో బయట మైనస్ 20, ఇంట్లో రోజంతా హీటర్, గాలిలో తేమ అనేదే ఉండదు. మా అమ్మ నాన్న వచ్చి మా దగ్గర ఉన్నారు, అమ్మకి పిక్కల ముందు భాగం ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళిచ్చింది, దురదకి గోకి గోకి పుండ్లు. ఆవిడకి ఊళ్ళో ఉన్నప్పటి అలవాటు, పొగలు కక్కే నీళ్ళు, రెండుపూటలా స్నానం, వీపు రుద్దుకోవడానికి పీచు. ఇక్కడి డాక్టర్ చెప్పినవి చాలా చిన్న విషయాలే, గోరువెచ్చని నీళ్ళు, సబ్బు చంకల్లో గజ్జల్లో పాదాలకి మాత్రమే, మిగతా ఒంటికి ఉత్త నీళ్ళు, స్నానమవ్వగానే 3 నిమిషాల్లోపు క్రీము, గదిలో హ్యుమిడిఫైయర్ పెట్టి తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచడం. ఒంటికి సబ్బు పెట్టకపోతే స్నానం ఎలా అవుతుంది అని అమ్మ మొదట ఒప్పుకోలేదు, నాన్న సర్దిచెప్పారు. చాలా తేడా వచ్చింది. నీళ్ళు ఎక్కువ తాగితే చర్మం బాగవుతుంది అని మా బంధువులందరూ ఫోన్లో చెప్పారు, అడిగితే డాక్టర్ అన్నది, దాహానికి తాగండి మంచిదే, కానీ పైపొర పగులు తాగిన నీళ్ళతో పూడదు అని.

నర్సక్క_రాజమండ్రి:
అరవై దాటినవాళ్ళకి చర్మం కొవ్వు తయారు చేసుకోవడమే తగ్గిపోతుంది మూర్తిగారూ, దెబ్బతిన్న పొర పూడటానికి కుర్రవాళ్ళ కంటే ఎక్కువ రోజులు పడుతుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే పాదాల పగుళ్ళు మాత్రం అశ్రద్ధ చెయ్యొద్దండి, ఆ చీలికలోంచే సూక్ష్మజీవులు లోపలికి పోయి కాలు మీదికి వస్తుంది. యూరియా ఉన్న క్రీములు దొరుకుతాయి, మడమలకి రోజూ రాయాలి, వేళ్ళ సందుల్లో మాత్రం రాయకూడదు, తడి నిలిచి ఫంగస్ పడుతుంది. బ్లేడుతో గీకడం, చెక్కు తియ్యడం అస్సలు వద్దు.

హాస్టల్_హారిక:
నేను మొహం గురించి అడగొచ్చా? మా రూమ్మేట్ రాత్రి గ్లైకోలిక్ యాసిడ్, దాని మీద రెటినాల్, పొద్దున విటమిన్ సి, వారానికి రెండుసార్లు స్క్రబ్, ఆదివారం నిమ్మకాయ వంటసోడా ప్యాక్. ఇప్పుడు ఉత్త నీళ్ళు పోసుకున్నా మండుతోంది, మెరుస్తోంది కానీ అది మంచి మెరుపు కాదు, ఎర్రగా లాగేసినట్టు ఉంది. మొటిమలు కూడా కొత్తగా వస్తున్నాయి. ఇంకో సీరం కొందామని చూస్తోంది, బారియర్ రిపేర్ సీరం అని రాసుంది.

చర్మం_డాక్టరమ్మ:
ఇంకేం కొనద్దని చెప్పమ్మా. అన్నీ ఆపేసి మెత్తని క్లెన్సర్ రోజుకి ఒకటి రెండుసార్లు, సువాసన లేని సాదా మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, అంతే. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర, వంటసోడా 8 పైన, రెండూ ముఖానికి సంబంధం లేనివి. చర్మానికి తనని తాను కట్టుకునే శక్తి ఉంది. టేపు అంటించి పీకి పీకి పొరని కావాలనే చెదరగొట్టి చూసిన ప్రయోగాలు ఉన్నాయి, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళలో మొదటి 12 గంటల్లోనే సగానికి పైగా కోలుకుంది, దాదాపు 3 రోజులకి పూర్తిగా. నెలల తరబడి పాడైంది కాబట్టి మీ ఫ్రెండ్‌కి కొన్ని వారాలు పట్టొచ్చు. తగ్గాక రెటినాల్ ఒక్కటే, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టొచ్చు. సీరముల్లో ఉండే నయాసినమైడ్ (ఒక రకం విటమిన్ బి3) సిరమైడ్ల తయారీని పెంచుతుంది, అది మంచిదే, కానీ ఇప్పుడున్న మంటలో అదీ వద్దు.

ఒకటి మాత్రం గట్టిగా అడుగుతున్నా, తెల్లబడటానికి అని ఏదైనా ట్యూబు వాడుతోందా? హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ కలిపినవి ఫెయిర్‌నెస్ క్రీముల్లా అమ్ముతున్నారు. ముఖం మీద స్టెరాయిడ్ నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, వెంట్రుకలు వస్తాయి, మొటిమలు వస్తాయి, ఆపితే నిప్పు రాసినట్టు మండుతుంది కాబట్టి మళ్ళీ అదే రాస్తారు. మన దేశపు చర్మవైద్యుల సంఘం దీని మీద ప్రత్యేకంగా ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టి పోరాడుతోంది. పెళ్ళి చూపుల ముందు అమ్మాయిలకి తల్లులే కొనిస్తున్నారు, నా ఓపీలో ఆ ఏడుపులు చూసి చూసి చాలా బాధగా ఉంటుంది. అది వాడుతుంటే తనంతట తాను ఆపొద్దు, డాక్టర్ దగ్గరికి వచ్చి ఆపాలి.

హాస్టల్_హారిక:
అడిగాను. లేదు అంటోంది, కానీ పక్క రూములో ఇద్దరు వాడుతున్నారు, ఇప్పుడే వాళ్ళకి మీరు రాసింది చూపిస్తా.

సీమ_చిన్నోడు:
డాక్టరమ్మా మా ఊళ్ళో పొలం పనికి పోయేవాళ్ళకి మొగం, మెడ, మోచేతులు మందంగా నల్లగా అయిపోయి దురద, ఎండాకాలంలో మరీ ఎక్కువ. ఇదీ ఎండకి పొర పాడవడమేనా?

చర్మం_డాక్టరమ్మ:
వయ్యారిభామ మొక్క ఉందా మీ గట్ల మీద? తెల్లపూల పిచ్చిమొక్క. దాని ఎలర్జీ సరిగ్గా బట్ట కప్పని చోట్లే వస్తుంది, గాలిలో దాని పొడి చాలు. ఎండ అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. నిండు చేతుల చొక్కా, పీకేటప్పుడు గ్లౌజులు, పని నుంచి రాగానే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం. గుండ్రంగా అంచు లేచి వలయంలా పాకితే మాత్రం అది ఫంగస్, దానికి స్టెరాయిడ్ మిక్చర్ రాస్తే మొండికేస్తుంది, ఈ మధ్య దేశమంతా ఇదే గోల.

తెనాలి_స్రవంతి:
అందరికీ నమస్తే, అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. అమ్మని గవర్నమెంట్ హాస్పిటల్ చర్మం ఓపీకి తీసుకెళ్ళాం. ప్యాచ్ టెస్ట్ చేశారు, వెల్లుల్లికి ఎర్రగా పొంగింది డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే. నియోమైసిన్‌కి రాలేదు. వేరే ఆయింట్‌మెంట్ రాసి మూడు వారాల తర్వాత రమ్మన్నారు, తగ్గిస్తూ ఎలా ఆపాలో కాగితం మీద రాసిచ్చారు. వెల్లుల్లి పని మా బాబాయ్ తీసుకున్నాడు, అమ్మ ఒప్పుకోవడమే కష్టమైంది, ఇన్నేళ్ళు చేసిన పని ఇప్పుడు పడకపోవడం ఏంటి అంటుంది. గిన్నెలు తోమడానికి ఒక మనిషిని పెట్టుకుందాం అంటే ఆవిడ చేతులూ ఇలాగే అవుతాయి కదా అని బాధ, కాబట్టి ఇద్దరికీ గ్లౌజులు కొన్నాం. మధ్యాహ్నానికల్లా గ్లౌజు లోపల చెమట పట్టి తడిసిపోతోంది, ఏం చెయ్యాలి?

నర్సక్క_రాజమండ్రి:
లోపల పలచని కాటన్ గ్లౌజు వేసి పైన రబ్బరుది వెయ్యండమ్మా, రెండు మూడు జతలు కాటన్‌వి ఉంచుకుని తడవగానే మార్చాలి. ఒకేసారి 15, 20 నిమిషాలకి మించి తొడుక్కోవద్దు, గిన్నెలు కుప్ప వేసి ఒకేసారి తోమితే కుదురుతుంది. ఉంగరం తీసేసి పని చెయ్యమనండి, దాని కింద సబ్బు నిలిచి అక్కడే ముందు పగులుతుంది. వేళ్ళకి పారఫిన్ ఆయింట్‌మెంట్ రాస్తే పొయ్యి దగ్గరికి వెళ్ళేముందు తుడుచుకోవాలి, అది ఇంకిన బట్ట తొందరగా అంటుకుంటుంది, చీర కొంగుకి తుడుచుకోవద్దని మరీ మరీ చెప్పండి.

పలాస_కుర్రాడు:
గ్లౌజుల మాట విన్నాక మా పిన్నితో మాట్లాడానండి, ఫ్యాక్టరీలో అందరూ కలిసి అడుగుతామంటున్నారు.

చర్మం_డాక్టరమ్మ:
చాలా సంతోషం ఇద్దరికీ. స్రవంతీ, ఒక మాట, ఇది రాసి పెట్టుకో. వేళ్ళు చూడటానికి పూర్తిగా మానినట్టు కనిపించాక కూడా లోపల పొర బలం తిరిగి రావడానికి ఇంకో నాలుగైదు నెలలు పడుతుంది. చాలామంది మానగానే గ్లౌజులూ క్రీమూ వదిలేస్తారు, అప్పుడే తిరగబెడుతుంది. ఒక్కో చేతికి చూపుడువేలు చివరి గీత దాకా పిండినంత క్రీము, ముందూ వెనకా కలిపి, చెయ్యి కడిగి తుడుచుకున్న ప్రతిసారీ. టిఫిన్ సెంటర్‌లో గల్లా పెట్టె పక్కనే డబ్బా పెట్టించు.

తెనాలి_స్రవంతి:
సరే డాక్టర్ గారూ, ఇవాళే పెట్టిస్తాను. మూడు వారాల చెకప్ అయ్యాక మళ్ళీ రాస్తా.